కుక్క కీళ్ళనొప్పులకు స్టెమ్ సెల్ చికిత్సా, మందులా, ఆపరేషనా? తేల్చుకోవడం ఎలా

ఎక్స్‌రే చూసి డాక్టర్ "తుంటి కీళ్ళలో గుజ్జు అరిగిపోయింది" అని చెప్పాక కుక్కను పెంచుకునేవాళ్ళకు దిక్కు తోచదు. ఒకరు వెంటనే నొప్పి మాత్రలు మొదలుపెట్టమంటారు. అవి కిడ్నీలను పాడుచేస్తాయని ఇంకొకరు భయపెడతారు. నెలకో ఇంజెక్షన్ చాలని ఒకరంటే, ఆపరేషన్ తప్పదని మరొకరంటారు. వీటన్నిటిలోకీ ఎక్కువ ఆశ పుట్టించేది స్టెమ్ సెల్ చికిత్స, అంటే కొవ్వు లాంటి చోట్ల నుంచి తీసిన మూలకణాలను కీలులోకి ఎక్కించడం. అరిగినదాన్ని శరీరమే తిరిగి బాగుచేసుకుంటుందనే మాట వింటే, నొప్పితో లేవలేకపోతున్న కుక్కను రోజూ చూసేవాళ్ళకు ప్రాణం లేచివస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. స్టెమ్ సెల్ చికిత్సతో కొన్ని కుక్కలకు కొన్ని నెలలపాటు నొప్పి, కుంటు తగ్గుతాయి. అందుకు ఆధారాలున్నాయి. అయితే అరిగిపోయిన గుజ్జు మళ్ళీ కొత్తగా పెరుగుతుందనే ఆశతో దాన్ని ఎంచుకోకండి. బరువు తగ్గించడం, నొప్పి మందు సరిగ్గా వాడిచూడడం, కీలు అరగడానికి అసలు కారణం కనుక్కోవడం, ఈ మూడూ అయ్యాకే దాని వంతు. "స్టెమ్ సెల్ పనిచేస్తుందా?" అని అడిగితే ఎవరి దగ్గరా సూటి జవాబు దొరకదు. "నా కుక్క ఇప్పుడు చేయలేకపోతున్న పని ఏది, దాన్ని ఎంతకాలానికి తిరిగి తెచ్చుకోగలం?" అని అడిగితే దొరుకుతుంది.

## ఎంచుకునే ముందు తెలియాల్సినవి

అది నిజంగా ఆర్థరైటిసేనా? కుంటే ప్రతి కుక్కకూ కీళ్ళు అరిగినట్టు కాదు. పెద్ద జాతి కుక్కల్లో ఎముక క్యాన్సర్ మొదట కుంటుగానే బయటపడుతుంది. పిడుదుల వల్ల వచ్చే ఎర్లీషియా, అనాప్లాస్మా లాంటి జబ్బుల్లో, రోగనిరోధక శక్తి అదుపు తప్పినప్పుడు కూడా కీళ్ళు వాస్తాయి. వెనక పాదాన్ని నేల మీద ఈడుస్తున్నా, పాదం మడతపడి పైభాగం నేలకు తగులుతున్నా వెన్నెముకను అనుమానించాలి. వీటిలో ఏది ఉన్నా కింద చెప్పే పోలిక వర్తించదు.

ఏ కీలు, ఎందుకు అరిగింది? మనుషుల్లో వయసుతోపాటు అరిగినట్టు కుక్కల్లో అరగడం తక్కువ. చాలావరకు వెనకాల ఒక కారణం ఉంటుంది. పుట్టుకతో సరిగ్గా అమరని తుంటి కీలు, సరిగ్గా పెరగని మోచేయి, మోకాలిలో తెగిన లిగమెంట్ (ఎముకలను కలిపి పట్టే పట్టీ), పక్కకు జారే మోకాలిచిప్ప, ఇలాంటివి. అందుకే రెండు మూడేళ్ళ కుక్కకూ ఆర్థరైటిస్ వస్తుంది. కారణం తెలియకుండా చికిత్స ఎంచుకుంటే డబ్బుతోపాటు కాలమూ వృథా.

ఎన్ని కీళ్ళు? ఒకటి రెండు కీళ్ళయితే వాటిలోకే సూది ఇవ్వొచ్చు. నాలుగు కాళ్ళూ, నడుమూ పట్టేసిన ముసలి కుక్కకు ఒంటికంతా పనిచేసే మందు కావాలి.

లివర్, కిడ్నీ, మత్తు, క్యాన్సర్. రక్తపరీక్ష లేకుండా నొప్పి మాత్ర మొదలుపెట్టకూడదు. మత్తు తట్టుకోలేని కుక్కకు కొవ్వు తీసి చేసే స్టెమ్ సెల్ పద్ధతి కుదరదు. క్యాన్సర్ ఉన్న కుక్కకు, కీలులో ఇన్‌ఫెక్షన్ ఉన్న కుక్కకు స్టెమ్ సెల్స్ ఇవ్వరు.

మీరు ఏం చేయగలరు? నెలనెలా క్లినిక్‌కు వెళ్ళగలరా, రోజూ మాత్ర మింగించగలరా, ఆపరేషన్ తర్వాత రెండు మూడు నెలలు కుక్కను దూకకుండా ఆపగలరా? ఇవి చికిత్స ఫలితాన్నే మార్చేస్తాయి.

## కొలత లేకుండా మొదలుపెట్టకండి

ఈ భాగాన్ని చాలామంది దాటేస్తారు, నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది. ఆర్థరైటిస్ నొప్పి ఒక్కతీరుగా ఉండదు, కొన్ని వారాలు ముదిరి కొన్ని వారాలు తగ్గుతుంది. కుక్క మరీ ఇబ్బంది పడుతున్న రోజుల్లోనే మనం డాక్టర్ దగ్గరికి పరుగెత్తుతాం. ఆ తర్వాత ఏ మందూ ఇవ్వకపోయినా కొంత తగ్గేదే. ఆ తగ్గుదల మాత్రం అప్పుడు ఇచ్చిన మందు ఖాతాలో పడుతుంది.

దీనికి తోడు మన కళ్ళు మనల్ని మోసం చేస్తాయి. అసలు మందు ఇవ్వని కుక్కలను గమనించిన ఒక అధ్యయనం 2012లో వచ్చింది. కాలు నేల మీద మోపే బలాన్ని యంత్రంతో కొలిస్తే మార్పు లేని సందర్భాల్లో కూడా యజమానులు దాదాపు 40 శాతం సార్లు "మెరుగైంది" అనుకున్నారు. కుక్క నడకను చూసి చెప్పిన పశువైద్యుల విషయంలో అది 45 శాతం దాకా ఉంది. ప్రేమ ఉన్నచోట కన్ను ఆశవైపే మొగ్గుతుంది, అందులో తప్పుపట్టేదేమీ లేదు. కానీ ఖరీదైన చికిత్సను ఆ కన్నుతో తూచకూడదు.

కాబట్టి ఏ చికిత్సకైనా ముందు మీ కుక్క చేయలేకపోతున్న మూడు పనులు రాసుకోండి. అవి సూటిగా ఉండాలి. "హుషారు తగ్గింది" అని కాక "మెట్లు ఎక్కేటప్పుడు వెనక కాళ్ళు రెండూ కలిపి కుందేలులా గెంతుతోంది", "పడుకున్నది లేవడానికి ముందు కాళ్ళతో ఒళ్ళు లాక్కుంటోంది", "కారెక్కబోయి ఆగి నా వైపు చూస్తోంది" అని రాయండి. ఒకే నేల మీద, ఒకే దూరం నుంచి ఫోన్‌లో వీడియో తీయండి: ఎదురుగా వస్తూ, దూరంగా వెళ్తూ, పక్క నుంచి. తొడ చుట్టుకొలత టేపుతో కొలవండి. నొప్పి ఉన్న కాలి మీద బరువు వేయకపోతే కండ కరుగుతుంది, రెండు తొడలనూ చేత్తో పట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది. గోళ్ళు చూడండి, ఒక పాదంలో గోళ్ళు పైనుంచి అరిగిపోయి ఉంటే ఆ కాలు ఈడుస్తోందని అర్థం. యజమానులే నింపే నొప్పి ప్రశ్నాపత్రాలు పశువైద్యుల దగ్గర ఉంటాయి. అడిగి తీసుకుని చికిత్సకు ముందు, తర్వాత 30, 90, 180 రోజులకు నింపండి.

## బరువు తగ్గించడం

మందుల షాపులో దొరికేది కాదు కాబట్టి దీనికి విలువ తక్కువ. ఆధారాల విషయంలో మాత్రం దీన్ని దాటేది లేదు. తుంటి ఆర్థరైటిస్ ఉన్న లావు కుక్కల్లో ఒంటి బరువు 6 శాతం దాటి తగ్గేసరికే కుంటు తగ్గినట్టు 2010లో ఒక అధ్యయనం చూపింది. 40 కిలోల కుక్కకు అది రెండున్నర కిలోల కంటే తక్కువ. ప్యూరినా సంస్థ 48 లాబ్రడార్లను జీవితాంతం గమనించిన అధ్యయనం ఇంకా స్పష్టంగా చెబుతుంది. తోడబుట్టినవాటికంటే 25 శాతం తక్కువ తిండి తిన్న కుక్కల మధ్యస్థ ఆయుష్షు 13 ఏళ్ళు, మిగతావాటికి 11.2 ఏళ్ళు. కీళ్ళు అరగడం కూడా వాటిలో ఆలస్యంగా మొదలైంది.

చేయి పెడితే పక్కటెముకలు సులువుగా తగలాలి, పైనుంచి చూస్తే నడుము కనబడాలి. లావు కుక్కకు స్టెమ్ సెల్ చికిత్స చేయించాలనుకుంటే ముందు మూడు నెలలు బరువు తగ్గించడం మీద దృష్టి పెట్టండి. అప్పటికే సగం సమస్య తీరితే ఆ ఖర్చు అవసరమే పడదు, తీరకపోయినా కీలులోకి ఎక్కించే కణాల మీద భారం తగ్గుతుంది.

గెంతులు లేకుండా రోజూ ఒకే మోతాదులో నడిపించడం, నీళ్ళలో నడక, జారని నేల కూడా ఇందులో భాగమే. వారమంతా పడుకోబెట్టి సెలవురోజున గంటసేపు పరుగెత్తిస్తే మర్నాడు లేవలేదు.

## నొప్పి మాత్రలు

కార్‌ప్రొఫెన్, మెలాక్సికామ్, ఫిరోకాక్సిబ్, రోబెనకాక్సిబ్ లాంటివి కుక్కల కోసం పరీక్షించి, మోతాదు తేల్చిన మందులు. అమెరికాలో 2016లో అనుమతి వచ్చిన గ్రాపిప్రాంట్ కాస్త వేరే దారిలో పనిచేస్తుంది, నొప్పిని మోసే ఒక గ్రాహకాన్ని మాత్రమే అడ్డుకుంటుంది. వీటన్నిటికీ ఉన్న గొప్ప గుణం త్వరగా తెలిసిపోవడం. పనిచేసేదైతే రెండు వారాల్లో కుక్క నడకలో కనిపిస్తుంది, పడకపోతే ఆపేయవచ్చు.

వీటి మీద భయం పూర్తిగా తప్పు కాదు. వాంతులు, నల్లటి విరేచనం, తిండి మానడం, దాహం పెరగడం, కళ్ళు పచ్చబడడం కనిపిస్తే మాత్ర ఆపి వెంటనే డాక్టర్‌కు చూపించాలి. మొదలుపెట్టే ముందు, కొన్ని వారాలకు, ఆ తర్వాత నిర్ణీత కాలానికోసారి రక్తపరీక్ష చేయించాలి. స్టెరాయిడ్లతో కలిపి ఇవ్వకూడదు. మనుషుల ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, న్యాప్రోక్సెన్ కుక్కకు ఇవ్వడం ప్రాణాపాయం, పారాసెటమాల్ కూడా సొంతంగా ఇవ్వొద్దు.

"మాత్రలు పనిచేయలేదు" అని వచ్చేవాళ్ళను నేను అడిగేది ఒకటే. ఎన్నాళ్ళు, ఏ మోతాదులో వాడారు? చాలాసార్లు జవాబు "నొప్పి ఎక్కువైనప్పుడు ఒకటి" అనే వస్తుంది. అలా వాడితే ఆ మందు ఏం చేయగలదో తెలియనే తెలియదు. సరైన మోతాదులో రోజూ కొన్ని వారాలు వాడినా చాలకపోతే అమాంటడైన్ లాంటి వేరే తరహా నొప్పి మందులు డాక్టర్ జోడించవచ్చు. మెలాక్సికామ్‌తో అమాంటడైన్ కలిపితే, ఒక్క మెలాక్సికామ్‌తో నొప్పి తీరని కుక్కలు మెరుగుపడినట్టు 2008లో ఒక అధ్యయనం చూపింది.

## నెలకో ఇంజెక్షన్

బెడిన్‌వెట్‌మాబ్, మార్కెట్లో లిబ్రెలా పేరుతో దొరికేది, నరాల్లో నొప్పిని పెంచే ఎన్‌జీఎఫ్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని ఆపే యాంటీబాడీ. యూరప్‌లో 2020లో, అమెరికాలో 2023లో అనుమతి వచ్చింది. చర్మం కింద నెలకోసారి ఇస్తారు. లివర్, కిడ్నీల మీద నొప్పి మాత్రలంత భారం వేయదు కాబట్టి ఆ అవయవాలు బలహీనంగా ఉన్న కుక్కలకు, మాత్ర మింగనివ్వని కుక్కలకు ఇదొక పెద్ద ఊరట. మోకాలూ తుంటీ నడుమూ అన్నీ పట్టేసిన ముసలి కుక్కకు కూడా ఒంటికంతా పనిచేస్తుంది.

మరో వైపు కూడా చూడాలి. అమెరికాలో మందులను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2024 డిసెంబరులో పశువైద్యులకు ఒక హెచ్చరిక లేఖ రాసింది. ఈ మందు తీసుకున్న కుక్కల్లో తూలడం, మూర్ఛలు, కాళ్ళు పడిపోవడం, మూత్రం అదుపు తప్పడం, దాహం పెరగడం లాంటివి నమోదయ్యాయని అందులో ఉంది. నమోదైన ప్రతిదానికీ మందే కారణమని తేలినట్టు కాదు, అయినా నరాల జబ్బు ఉన్న కుక్క విషయంలో తొందరపడొద్దు. ఇదే దారిలో మనుషుల కోసం తయారుచేసిన మందును కీళ్ళు త్వరగా దెబ్బతిన్న ఘటనల కారణంగా 2021లో ఆపేశారు. అందుకే దీన్నీ నొప్పి మాత్రలనూ ఎక్కువకాలం కలిపి వాడడం గురించి డాక్టర్‌తో వివరంగా మాట్లాడండి. ఏడాదిలోపు కుక్కపిల్లలకు, చూడి కుక్కలకు, పాలిచ్చేవాటికి ఇవ్వరు.

## స్టెమ్ సెల్ చికిత్స

ఇందులో వాడేవి కొవ్వులోనూ ఎముక మజ్జలోనూ బొడ్డుతాడులోనూ ఉండే మీసెంకైమల్ కణాలు. మొదట్లో ఇవే కార్టిలేజ్ (కీలులోని గుజ్జు) కణాలుగా మారి అరిగిన చోట పూడుస్తాయని అనుకున్నారు. ఇప్పుడు పరిశోధకుల అవగాహన మారింది. కీలులోకి వెళ్ళిన కణాల్లో ఎక్కువభాగం కొద్దికాలమే బతుకుతాయి. ఆ కాలంలో అవి విడుదల చేసే పదార్థాలు వాపును చల్లార్చి, రోగనిరోధక కణాల తీరును మారుస్తాయి. అంటే మనం కొనేది చాలావరకు వాపు తగ్గించే ప్రభావం. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఎంపిక చాలా తేలికవుతుంది.

ఎలా చేస్తారు? కుక్క సొంత కణాలైతే మత్తు ఇచ్చి భుజం వెనక నుంచో గజ్జల దగ్గర నుంచో పొట్ట లోపలి నుంచో కాస్త కొవ్వు తీస్తారు. పసుపు ముద్దలా ఉన్న ఆ కొవ్వును స్టెరైల్ ట్యూబులో వేసి చల్లగా ఉంచి ల్యాబ్‌కు పంపుతారు. అక్కడ ఎంజైమ్‌తో కరిగించి, గిర్రున తిప్పే యంత్రంలో వేస్తే కణాలు అడుగున చేరతాయి. ఇక్కడ దారి రెండుగా చీలుతుంది. ఒకటి ఆ అడుగు మిశ్రమాన్నే ఒకటి రెండు రోజుల్లో ఎక్కించడం. అందులో రకరకాల కణాలు కలిసి ఉంటాయి, అసలు స్టెమ్ సెల్స్ కొద్ది భాగమే. రెండోది ల్యాబ్‌లో కొన్ని వారాలు పెంచి, లెక్కపెట్టి ఎక్కించడం. కుక్కకు మళ్ళీ మత్తిచ్చి, కీలు మీద వెంట్రుకలు గొరిగి, ఇన్‌ఫెక్షన్ రాకుండా శుభ్రం చేసి కీలులోకి సూది దించుతారు. తర్వాత రెండు మూడు రోజులు వాపు, కుంటు కాస్త పెరగవచ్చు.

వేరే జంతువు కణాలను ముందే పెంచి నిల్వచేసి వాడడం మూడో దారి. కొవ్వు తీసే బాధ తప్పుతుంది, ప్రతిసారీ ఒకే నాణ్యత వస్తుంది. యూరప్‌లో 2022లో అనుమతి పొందిన డాగ్‌స్టెమ్ ఇలాంటిదే, అది గుర్రం బొడ్డుతాడు కణాలతో తయారవుతుంది. అనుమతి పొందిన తయారీకి కనీసం కణాల సంఖ్య, శుభ్రత, నిల్వ తీరు ఒక సంస్థ పరిశీలించి ఉంటుంది. క్లినిక్ వెనక గదిలో తయారయ్యే మిశ్రమానికి ఆ హామీ లేదు. అమెరికాలో ఎఫ్‌డీఏ 2015లోనే జంతువుల కణ చికిత్సలను మందుల కిందే చూస్తామని మార్గదర్శకం ఇచ్చింది.

ఆధారాలు ఏం చెబుతున్నాయి? 2007లో తుంటి ఆర్థరైటిస్ ఉన్న 21 కుక్కల మీద సొంత కొవ్వు కణాలతో చేసిన పరీక్షలో కుంటు, కీలు కదలిక మెరుగయ్యాయి. 2008లో మోచేతుల మీద 14 కుక్కలతో చేసినదానిలోనూ మంచి ఫలితమే వచ్చింది, కానీ పోల్చడానికి మందివ్వని గుంపు లేదు. యంత్రంతో కాలి బలాన్ని కొలిచిన ఒక స్పానిష్ అధ్యయనం నాకు బాగా నచ్చింది, ఎందుకంటే అది ఎవరి ఆశనూ లెక్కలోకి తీసుకోలేదు. మొదటి మూడు నెలలూ కాలు మోపే బలం పెరిగింది, ఆ తర్వాత తగ్గుతూ ఆరు నెలలయ్యేసరికి మొదటికొచ్చింది.

2016లో వేరే కుక్కల కొవ్వు కణాలతో చేసిన పెద్ద పరీక్షలో 74 కుక్కల ఫలితాలు లెక్కించారు. స్టెమ్ సెల్ తీసుకున్నవాటిలో 79.2 శాతం కుక్కలు మెరుగయ్యాయని యజమానులు చెప్పారు. ఉత్త సెలైన్ తీసుకున్న గుంపులో కూడా 55.4 శాతం మెరుగయ్యాయి! తేడా నిజమైనదే, లెక్కల ప్రకారం నిలిచేదే. అయితే "పదింటిలో ఎనిమిది కుక్కలకు పనిచేస్తుంది" అని ఎవరైనా చెబితే, అందులో ఐదారు ఏమీ ఇవ్వకపోయినా అలాగే అనిపించేవని గుర్తుపెట్టుకోండి.

ఎక్కడ పనిచేయదు? మోకాలి లిగమెంట్ తెగి కీలు వదులైపోయిన కుక్కకు స్టెమ్ సెల్స్ ఎక్కించడం, మడతబందు ఊడిన తలుపుకు నూనె పోసినట్టే. అడుగేసిన ప్రతిసారీ ఎముక జారుతూనే ఉంటుంది. ఎముక మీద ఎముక రాసుకునేంతగా కీలు పోయినప్పుడూ పెద్దగా ఆశించలేం. చాలా కీళ్ళు అరిగాయని రక్తనాళంలోకి ఎక్కిస్తామంటే దాని ఆధారాలు కీలులోకి నేరుగా ఇచ్చేదానికంటే పలుచన.

## రక్తం నుంచి తీసే పీఆర్‌పీ, మిగతా ఇంజెక్షన్లు

కుక్క సొంత రక్తాన్ని తిప్పి, ప్లేట్‌లెట్లు చిక్కబడ్డ భాగాన్ని కీలులోకి ఇవ్వడమే పీఆర్‌పీ. కొవ్వు తీసే ఆపరేషన్ ఉండదు, అదే రోజు అయిపోతుంది, ఖర్చూ స్టెమ్ సెల్స్ కంటే తక్కువ. తయారుచేసే తీరు ఒక్కో చోట ఒక్కోలా ఉండడంతో ఫలితాలూ అలాగే మారతాయి. ఒకే కీలు సమస్యతో, స్టెమ్ సెల్ వైపు వెళ్ళాలా వద్దా అని ఊగిసలాడేవాళ్ళు మధ్యలో దీన్ని ఒకసారి అడిగిచూడవచ్చు. కండరంలోకి వారానికి రెండుసార్లు చొప్పున నాలుగు వారాలు ఇచ్చే పాలీసల్ఫేటెడ్ గ్లైకోసమినోగ్లైకాన్ అనే మందు కూడా ఉంది. జబ్బు తొలిదశలో దాన్ని వాడతారు.

## ఆపరేషన్

కీలు అమరికే సమస్య అయినప్పుడు దీనికి సాటి లేదు. తుంటి కీలు పూర్తిగా మార్చే ఆపరేషన్ బాగా జరిగితే కుక్క దాదాపు మామూలుగా నడుస్తుంది, చాలావాటికి ఆ కీలుకు జీవితాంతం మందు అవసరం ఉండదు. కీలు జారడం, ఇన్‌ఫెక్షన్, అతుకు వదులవడం దీని ప్రమాదాలు, కాబట్టి ఇది నిత్యం చేసే సర్జన్ దగ్గరే చేయించాలి. తొడ ఎముక తల తీసేసే ఆపరేషన్ చిన్న, తేలికపాటి కుక్కలకు బాగా సరిపోతుంది. ఆ తర్వాత కండరాలే కీలులా పనిచేయాలి కాబట్టి వ్యాయామం మానకూడదు. మోకాలి లిగమెంట్ తెగితే, ముఖ్యంగా పెద్ద కుక్కల్లో, ఎముకను కోసి కోణం మార్చి ప్లేటు వేసే టీపీఎల్‌ఓ ఆపరేషన్ చేస్తారు.

మోచేయి సంగతి వేరు. తుంటికి ఉన్నంత నమ్మకమైన కీలు మార్పిడి మోచేతికి లేదు. స్టెమ్ సెల్ లాంటి కీలు ఇంజెక్షన్లను నేను తుంటికంటే మోచేతికే ఎక్కువ ఆలోచించదగ్గవిగా చూసేది అందుకే. అక్కడ వాటికి గట్టి పోటీ లేదు.

## సప్లిమెంట్లు

చేపనూనెలోని ఒమేగా 3కి మంచి ఆధారాలున్నాయి, మోతాదు డాక్టర్‌ను అడిగి వాడండి. గ్లూకోసమీన్, కాండ్రాయిటిన్‌ల మీద చాలా ఖర్చు పెడుతున్నారు. 2022లో అధ్యయనాలన్నీ కలిపి చూసిన సమీక్ష వాటితో ఉపయోగం కనబడలేదని తేల్చింది. ఆ డబ్బు రక్తపరీక్షలకు పెట్టడం మేలు.

## ఒకచోట చూస్తే

| దారి | ఫలితం ఎప్పుడు తెలుస్తుంది | ఎంతకాలం నిలుస్తుంది | ఆధారాల బలం | ముఖ్యమైన జాగ్రత్త |
|---|---|---|---|---|
| బరువు తగ్గించడం | కొన్ని వారాలు, నెలలు | బరువు నిలిచినంతకాలం | చాలా బలం | ఇంట్లో అందరూ పాటించాలి |
| నొప్పి మాత్రలు | రెండు వారాల్లోపు | వాడినంతకాలం | చాలా బలం | కడుపు, లివర్, కిడ్నీ |
| నెలవారీ యాంటీబాడీ | ఒకటి రెండు డోసుల్లో | నెల | బలం | నరాల లక్షణాలు |
| స్టెమ్ సెల్స్ | కొన్ని వారాల్లో | కొన్ని నెలలు | ఓ మోస్తరు, చిన్న అధ్యయనాలు | మత్తు, తయారీ నాణ్యత |
| పీఆర్‌పీ | కొన్ని వారాల్లో | కొన్ని వారాలు, నెలలు | ఓ మోస్తరు కంటే తక్కువ | తయారీలో తేడాలు |
| ఆపరేషన్ | రెండు మూడు నెలలు | ఏళ్ళు | సరైన కీలుకు బలం | సర్జన్ అనుభవం, విశ్రాంతి |

## ఎవరికి ఏది

కుక్క లావుగా ఉండి, మందు ఎప్పుడూ క్రమంగా వాడకపోతే స్టెమ్ సెల్ గురించి ఇప్పుడే ఆలోచించొద్దు. బరువు, సరైన మోతాదులో మాత్ర, రోజూ నడక. మూడు నెలల తర్వాత మీరు రాసుకున్న మూడు పనులనూ మళ్ళీ చూడండి.

కిడ్నీ లేదా లివర్ బలహీనంగా ఉంటే మొదట నెలవారీ ఇంజెక్షన్ అడగండి. అది పడకపోతే, ఒకటి రెండు కీళ్ళే సమస్య అయి కుక్క తేలికపాటి మత్తు తట్టుకోగలిగితే, వేరే జంతువు కణాలతో చేసే స్టెమ్ సెల్ ఇంజెక్షన్‌కు అర్థముంది. కొవ్వు తీసే ఆపరేషన్ తప్పుతుంది కాబట్టి.

నాలుగైదేళ్ళ కుక్క, సన్నగా ఉంది, రెండు మోచేతులూ అరిగాయి, మాత్రలు వాడుతున్నా నడక చాలట్లేదు. నా దృష్టిలో స్టెమ్ సెల్ చికిత్సకు తగిన కుక్క ఇదే. ముందు ఇంకా చాలా ఏళ్ళ జీవితం ఉంది, మార్చడానికి మంచి కీలు లేదు, ప్రతి ఆరేడు నెలలకు ఒకసారైనా మందుల మోతాదు తగ్గితే దానికి లాభమే. కణాలను నిల్వచేసే సౌకర్యం ఉంటే ఒకేసారి కొవ్వు తీసి మళ్ళీమళ్ళీ వాడుకోవచ్చు.

పదమూడేళ్ళ కుక్కకు నాలుగు కాళ్ళూ పట్టేస్తే మత్తిచ్చి కొవ్వు తీయించకండి. ఇంట్లో జారని చాపలు, మెత్తని పడక, ఒంటికంతా పనిచేసే మందు, ఎత్తు తగ్గించిన మెట్లు. దానికి మిగిలిన కాలంలో కోలుకునే రోజులు ఎంత తక్కువుంటే అంత మంచిది.

మోకాలి లిగమెంట్ తెగితే సర్జన్ దగ్గరికి వెళ్ళండి. ఒక కాలిలో తెగిన చాలా కుక్కలకు కొంతకాలానికి రెండో కాలిలోనూ తెగుతుంది, ఆలస్యం చేస్తే మంచి కాలి మీదే భారం పడుతుంది.

డబ్బుకు ఇబ్బంది ఉన్నవాళ్ళు అపరాధ భావం పెట్టుకోవద్దు. బరువు, నడక, మాత్ర, రక్తపరీక్ష, వీటిని ఓపిగ్గా పాటించిన ఇంట్లో కుక్క, ఒకే ఒక్క ఖరీదైన ఇంజెక్షన్ చేయించి మిగతావి వదిలేసిన ఇంట్లో కుక్కకంటే హాయిగా ఉంటుంది.

## స్టెమ్ సెల్ క్లినిక్‌ను అడగాల్సినవి

కణాలు ఎవరివి, కుక్క సొంతవా, వేరే జంతువువా? పెంచినవా, అదే రోజు తీసినవా? ఎక్కించే ముందు బతికున్న కణాలు ఎన్నో లెక్కపెడతారా, బాక్టీరియా పరీక్ష చేస్తారా? ఆ కాగితం మీకు ఇస్తారా? సూది కీలులోనే దిగిందని ఎలా నిర్ధారిస్తారు? ఇప్పుడు వాడుతున్న నొప్పి మాత్రలు ఎప్పుడు ఆపాలి, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలి? ఇబ్బంది వస్తే రాత్రి ఎవరికి ఫోన్ చేయాలి?

గుజ్జు కొత్తగా పెరుగుతుందని మాటిచ్చినా, ఇదే ఇంజెక్షన్‌తో కిడ్నీ, లివర్, వెన్నెముక అన్నీ బాగవుతాయని చెప్పినా అక్కడి నుంచి వచ్చేయండి. ఆరు నెలలకు నొప్పి తిరిగొస్తే ఏం చేస్తారని కూడా అడగండి. మంచి డాక్టర్ ఈ ప్రశ్నకు విసుక్కోడు. తొంభై రోజులకు కుక్కను మళ్ళీ తీసుకురమ్మని, మీ పాత వీడియోలు కూడా తెమ్మని చెబుతాడు.